గేట్లు ఎత్తితే మట్టం ఎంత తగ్గుతుంది? జలాశయంలో నీటి విడుదల వెనుక లెక్క

వానాకాలం వచ్చిందంటే జలాశయాల పరిస్థితి రోజూ నాలుగైదు అంకెల్లో మన ముందుకు వస్తుంది: నీటిమట్టం ఇన్ని అడుగులు, నిల్వ ఇన్ని టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు), ఇన్‌ఫ్లో, అంటే వచ్చే నీరు, ఇన్ని క్యూసెక్కులు (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు), అవుట్‌ఫ్లో, అంటే పోయే నీరు, ఇన్ని క్యూసెక్కులు. ఈ అంకెలను వరుసగా కొన్ని రోజులు గమనించేవారికి కొన్ని విషయాలు పొంతన లేనట్లు కనిపిస్తాయి. పది గేట్లు ఎత్తి ఉంచినా నీటిమట్టం పెరుగుతూనే ఉంటుంది. ఒక్క గేటూ తెరవని రోజుల్లో కూడా అది మెల్లగా తగ్గుతూ పోతుంది. అదే పరిమాణంలో నీరు వదిలితే నిండుగా ఉన్నప్పుడు అడుగున్నర తగ్గిన జలాశయం, అడుగంటే దశలో ఐదడుగులు తగ్గుతుంది. గేటు ఎత్తడమే నీటిమట్టాన్ని నిర్ణయిస్తుందన్న అభిప్రాయం వల్ల ఈ అయోమయం కలుగుతోంది. నిజానికి విడుదల ప్రభావం మూడింటి మీద ఆధారపడి ఉంటుంది: ఆ సమయంలో పైనుంచి వస్తున్న నీరెంత, మట్టం ఏ ఎత్తులో ఉంది, విడుదల ఎంత ముందుగా మొదలైంది. వీటిని పక్కనబెట్టి అడుగుల లెక్క ఒక్కటే చూస్తే, ముంపు ప్రమాదాన్నిగానీ నీటి కొరతనుగానీ సరిగ్గా అంచనా వేయలేం.

మొదటిది కూడికలు, తీసివేతల లెక్క. జలాశయంలోకి వచ్చిన నీటిలోంచి బయటికి పోయిన నీటిని తీసివేస్తే మిగిలేదే నిల్వలో మార్పు. బయటికి పోయేదంటే క్రస్ట్ గేట్ల (ఆనకట్ట పైభాగాన ఉండే గేట్ల) గుండా దూకే నీరు ఒక్కటే కాదు. విద్యుత్కేంద్రం టర్బైన్ల ద్వారా దిగువకు వెళ్లేది, కాల్వలకు వదిలేది, ఎత్తిపోతల పథకాలు తోడుకునేది, ఆవిరయ్యేది, నేలలోకి ఇంకేది అన్నీ కలిస్తేనే మొత్తం అవుట్‌ఫ్లో అవుతుంది. రోజంతా సెకనుకు 11,574 ఘనపుటడుగుల చొప్పున ప్రవహించే నీరు ఒక టీఎంసీ. ఆ లెక్కన లక్ష క్యూసెక్కులు ఇరవై నాలుగు గంటలు పారితే 8.64 టీఎంసీలు. మూడు లక్షల క్యూసెక్కులు వస్తుండగా రెండు లక్షలు వదిలితే, చూసేవారికి గేట్ల దగ్గర భీకరమైన ప్రవాహం కనిపిస్తున్నా, జలాశయంలో రోజుకు 8.64 టీఎంసీలు పెరుగుతూనే ఉంటాయి. ఎన్ని గేట్లు ఎత్తారన్న సమాచారం మట్టం విషయంలో ఒంటరిగా ఏమీ చెప్పకపోవడానికి కారణం ఇదే.

రెండోది నిల్వలో మార్పు అడుగుల్లోకి మారే తీరు. ఇది అంత సూటిగా ఉండదు. నదీ లోయ అడుగున ఇరుకుగా ఉండి పైకి వెళ్లేకొద్దీ వెడల్పవుతుంది కాబట్టి, పై అంచున ఉన్న ఒక అడుగులో పట్టే నీరు కింది అడుగులో పట్టే నీటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ప్రతి జలాశయానికీ ఏ మట్టంలో ఎంత విస్తీర్ణం, ఎంత నిల్వ ఉంటుందో చెప్పే పట్టిక ఒకటి ఉంటుంది. ఇంజినీర్లు రోజువారీ లెక్కలన్నీ దాని ఆధారంగానే వేస్తారు. శ్రీశైలం జలాశయాన్నే తీసుకుంటే, పూర్తిస్థాయి నీటిమట్టమైన 885 అడుగుల వద్ద నిల్వ సుమారు 215.8 టీఎంసీలు. 854 అడుగుల వద్ద అది సుమారు 89 టీఎంసీలు, 834 అడుగుల వద్ద 54 టీఎంసీల దరిదాపుల్లో ఉంటుంది. అంటే 834 నుంచి 854 వరకు ఇరవై అడుగుల మందంలో పట్టేది దాదాపు 35 టీఎంసీలు, సగటున అడుగుకు 1.8 టీఎంసీలు. పూర్తిమట్టం దగ్గరికి వచ్చేసరికి ఒక్క అడుగులోనే ఆరు టీఎంసీల వరకు పడతాయి.

ఇప్పుడు ఇన్‌ఫ్లో ఏమీ లేనప్పుడు ఒక రోజంతా లక్ష క్యూసెక్కులు వదిలారనుకుందాం. 885 అడుగుల దగ్గర ఉంటే మట్టం అడుగున్నర కూడా తగ్గదు. 845 అడుగుల దగ్గర ఉంటే దాదాపు ఐదడుగులు పడిపోతుంది. విడుదల ఒకటే, జలాశయం ఒకటే, ఫలితం మాత్రం మూడు రెట్లకు పైగా వేరు. పూర్తిమట్టానికి 31 అడుగులు మాత్రమే తక్కువగా ఉందని 854 అడుగుల అంకెను చూసి ఊరట చెందేవారు, అప్పటికే నీటిలో సగానికి పైగా వెళ్లిపోయిందని గుర్తించాలి. ఎండాకాలంలో మట్టం ఉన్నట్టుండి పడిపోతోందని ఆందోళన వ్యక్తమైనప్పుడు, విడుదల పెరిగి ఉండాల్సిన అవసరం లేదు; జలాశయం ఇరుకైన భాగంలోకి దిగిందంతే.

ఇంతవరకు విడుదల మట్టాన్ని ఎలా మారుస్తుందో చూశాం. మట్టం కూడా విడుదలను శాసిస్తుంది, ఈ రెండో దిశ చర్చల్లోకి చాలా తక్కువగా వస్తుంది. ఆనకట్టలో మిగులు నీరు దూకే భాగమైన స్పిల్‌వే మీద గేట్లు కూర్చునే కాంక్రీటు అంచును క్రెస్ట్ అంటారు. గేటును పూర్తిగా ఎత్తినా, ఆ అంచు మీద ఎంత ఎత్తున నీరు నిలిచి ఉందన్నదాన్ని బట్టే ప్రవాహం ఉంటుంది. ఆ ఎత్తు రెట్టింపైతే ప్రవాహం రెట్టింపు కాదు, సుమారు 2.8 రెట్లు అవుతుంది. శ్రీశైలం స్పిల్‌వే అంచు 830 అడుగుల వద్ద ఉంది. 885 అడుగుల మట్టంలో ఆ అంచు మీద 55 అడుగుల నీరు ఉంటుంది, 850 అడుగుల మట్టంలో 20 అడుగులే ఉంటుంది. పన్నెండు గేట్లనూ పూర్తిగా ఎత్తినా, 850 అడుగుల దగ్గర బయటికి పోగలిగేది పూర్తిమట్టం వద్ద పోగలిగే దానిలో సుమారు అయిదో వంతు మాత్రమే. మట్టం ఆ అంచు కిందికి దిగిందంటే గేట్లు ఉన్నా లేనట్లే. ఆపైన విద్యుత్కేంద్రాలు, దిగువ తూములు, కాల్వలే దారి. వరద వస్తుందని తెలిసినా జలాశయాన్ని ముందుగానే అట్టడుగు దాకా ఖాళీ చేయలేకపోయారెందుకన్న ప్రశ్నకు చాలా సందర్భాల్లో జవాబు ఈ లెక్కలోనే దొరుకుతుంది.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర జలాశయంలో 19వ క్రస్ట్ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు ఈ సంబంధం చాలా బాధాకరంగా బయటపడింది. జలాశయం అప్పటికి దాదాపు నిండుగా ఉంది. పూర్తిమట్టం 1,633 అడుగులు, గేట్లు కూర్చున్న అంచు 1,613 అడుగులు. గేటు లేని ఆ ఖాళీలోంచి నీరు దానంతట అది ఆగాలంటే మట్టం ఆ అంచు దాకా దిగాలి. అంటే పై ఇరవై అడుగుల్లోని నీరంతా, దాదాపు అరవై టీఎంసీలు, వదులుకోవాలి. రైతులు ఒక పంటకాలమంతా ఆధారపడే నీరది. మిగిలిన గేట్లనూ ఎత్తి, ఒత్తిడిని, మట్టాన్ని తగ్గిస్తూనే, పారుతున్న నీటిలోకే ఉక్కు స్టాప్‌లాగ్‌లను (గేటు ఖాళీని తాత్కాలికంగా మూసే పలకలను) ఒకదాని మీద ఒకటి దించి సుమారు వారం రోజుల్లో ఆ ఖాళీని మూయగలిగారు. మట్టం అంచు దాకా దిగేవరకు ఆగకపోవడం వల్లనే జలాశయంలో ఎక్కువ భాగం నీరు నిలిచింది. ఆ తర్వాత వచ్చిన వరదతో మట్టం మళ్లీ కోలుకుంది కూడా. సంక్షోభ సమయంలో ఒక్కొక్క అడుగు ఎన్ని టీఎంసీలో తెలిసి తీసుకున్న నిర్ణయమది.

ఇక మూడోది, విడుదల ఎంత ముందుగా మొదలైందన్నది. వరద కాలంలో అసలు విలువైనది జలాశయంలో ఉన్న నీరు కాదు, ఉన్న ఖాళీ. వచ్చే ప్రవాహంలో కొంత భాగాన్ని ఆ ఖాళీలో పట్టుకుంటేనే దిగువకు వెళ్లే వరద ఉధృతి తగ్గుతుంది. ఖాళీ అయిపోయాక ఎంత పెద్ద ఆనకట్ట అయినా వచ్చిన నీటిని వచ్చినట్లు పంపించడం తప్ప చేయగలిగిందేమీ ఉండదు. చైనాలోని త్రీ గోర్జెస్ జలాశయాన్ని ఏటా జూన్ రెండో వారం నాటికి 175 మీటర్ల నుంచి 145 మీటర్లకు దించడం ఇందుకే. ఆ ముప్పై మీటర్ల మధ్య 2,215 కోట్ల ఘనపు మీటర్లు, మన లెక్కలో దాదాపు 780 టీఎంసీల ఖాళీని వరద కోసం అట్టిపెడతారు. ఏ నెలలో మట్టం ఎంత దాటకూడదో నిర్దేశించే ఇలాంటి ప్రణాళికను రూల్ కర్వ్ అంటారు. వరద నియంత్రణకు ప్రత్యేకంగా ఖాళీ కేటాయించకుండా సాగునీరు, విద్యుత్తు కోసమే కట్టిన జలాశయాల్లో ఇలాంటి దింపుడుకు ఎవరూ సులువుగా ఒప్పుకోరు. ఆగస్టులో వదిలేసిన నీరు అక్టోబరులో తిరిగి వస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు గనుక, ఆయకట్టు రైతుల భయం అర్థం లేనిదేమీ కాదు.

శ్రీశైలంలో 2009 అక్టోబరు మొదటి రోజుల్లో జరిగింది ఈ ఇబ్బందికి అతి పెద్ద ఉదాహరణ. వానాకాలం చివర కావడంతో జలాశయం దాదాపు నిండి ఉంది. అప్పుడు కృష్ణా, తుంగభద్రల నుంచి ఒకేసారి వచ్చిపడిన వరద గరిష్ఠంగా సుమారు 25 లక్షల క్యూసెక్కులకు చేరింది. ఆనకట్టను రూపొందించినప్పుడు లెక్కకు తీసుకున్న గరిష్ఠ వరద సుమారు 19 లక్షల క్యూసెక్కులు. గేట్లన్నీ ఎత్తి ఉన్నా మట్టం 896 అడుగులు దాటింది. రాకకూ పోకకూ తేడా పది లక్షల క్యూసెక్కులుంటే గంటకు 3.6 టీఎంసీలు జలాశయంలో చేరతాయి. పూర్తిమట్టం పైన ఒక్కో అడుగుకు ఏడు టీఎంసీలు పడతాయనుకున్నా, ఇంచుమించు రెండు గంటలకు ఒక అడుగు పెరుగుతుంది. అలాంటి వేగంలో గేట్ల నిర్వహణకు మిగిలే నిర్ణయమేమీ ఉండదు. తుంగభద్ర, హంద్రీ వరదలకు జలాశయం వెనుక జలాలు ఎగదన్నడం కూడా తోడై కర్నూలు నగరం మునిగిపోయింది. నిర్ణయానికి వీలున్న గంటలన్నీ వరద గరిష్ఠానికి చేరకముందే గడిచిపోతాయి. అందుకే రోజువారీ వివరాల్లో మట్టంతో పాటు, ఇంకా ఎన్ని టీఎంసీల ఖాళీ ఉంది, ప్రస్తుత మిగులు ప్రవాహం కొనసాగితే అది ఎన్ని గంటల్లో నిండుతుంది అన్న రెండు అంకెలు కూడా ప్రజలకు చెప్పడం అవసరం. ఆ లెక్క వేయడానికి కావలసిన సమాచారమంతా అధికారుల దగ్గర ప్రతి గంటా ఉంటుంది.

విడుదలను తగ్గించడం వల్ల మట్టం ప్రమాదకరంగా పెరిగిన సందర్భం అమెరికాలోని ఓరోవిల్ ఆనకట్టది. 2017 ఫిబ్రవరి 7న ప్రధాన స్పిల్‌వే కాంక్రీటులో పెద్ద గుంత పడింది. అది మరింత కోసుకుపోకుండా విడుదలను అదుపులో ఉంచారు. వరద మాత్రం ఆగలేదు. ఫిబ్రవరి 11న మట్టం 901 అడుగులు దాటి, 1968లో ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఎన్నడూ వాడని అత్యవసర స్పిల్‌వే మీదుగా నీరు దూకింది. ఆ ప్రవాహం ప్రధాన స్పిల్‌వే మోయగలిగిన దానితో పోలిస్తే స్వల్పమే అయినా, కాంక్రీటు పరవని కొండవాలును కోస్తూ అంచు వైపు పాకడంతో మర్నాడు దిగువన ఉన్న సుమారు 1,88,000 మందిని ఇళ్లు ఖాళీ చేయమన్నారు. చివరికి దెబ్బతిన్న ప్రధాన స్పిల్‌వే గుండానే లక్ష క్యూసెక్కులు వదిలి మట్టాన్ని 901 అడుగుల కిందికి దించారు. నిర్మాణాన్ని కాపాడదామని తగ్గించిన విడుదలే మట్టాన్ని పెంచి ఇంకా పెద్ద ముప్పును తెచ్చింది.

ఈ నిర్ణయాలన్నింటికీ ఆధారమైన ఇన్‌ఫ్లో అంకె ఎలా వస్తుందో కూడా తెలుసుకోవాలి. పెద్ద జలాశయంలోకి నది ఒక్కటే కాకుండా అనేక వాగులు, చుట్టూ ఉన్న కొండవాలుల నీరు చేరుతుంటాయి. అన్నిటినీ విడివిడిగా కొలవడం సాధ్యం కాదు. అందుకని చాలాచోట్ల లెక్కను వెనుకనుంచి కడతారు: నిర్ణీత సమయంలో మట్టం ఎంత మారిందో చూసి, పట్టిక ప్రకారం దాన్ని నిల్వగా మార్చి, ఆ సమయంలో వదిలిన నీటిని కలిపితే వచ్చేదే ఇన్‌ఫ్లో. ఇందులో ఒక చిక్కుంది. అడుగుకు ఆరు టీఎంసీలు పట్టే మట్టంలో, గాలికి లేచిన అలల వల్లనో, తెరిచిన గేట్ల దగ్గర నీరు కాస్త కుంగడం వల్లనో కొలతలో అడుగులో పదో వంతు పొరపాటు జరిగితే, అది 0.6 టీఎంసీల తేడా. గంటకోసారి లెక్క కట్టేవారికి ఆ పొరపాటు 1,66,000 క్యూసెక్కుల పైచిలుకు ఇన్‌ఫ్లోగా కనిపిస్తుంది. అదే పొరపాటు రోజు మొత్తం మీద సర్దుకుంటే ఏడు వేల క్యూసెక్కులే. ఒక గంటలో ఇన్‌ఫ్లో అమాంతం పెరిగి మరుసటి గంటలో పడిపోయినట్లు కనిపించే అంకెలను, కొన్ని గంటల సగటు చూశాకే నమ్మాలని అనుభవజ్ఞులు చెప్పేది అందుకే. ఎగువన నది మీద ఉన్న కొలత కేంద్రాల అంకెలతో సరిపోల్చుకోకుండా మట్టం మీదే ఆధారపడి గేట్లు నడపడం సురక్షితం కాదు.

మట్టాన్ని దించడంలో పరిమాణంతో పాటు వేగానికీ పరిమితులున్నాయి. మట్టి ఆనకట్టల ఎగువ వాలు నీటితో తడిసి బరువెక్కి ఉంటుంది. జలాశయం నీరు బయటినుంచి ఒత్తుతున్నంతకాలం అది నిలబడుతుంది. మట్టం వేగంగా తగ్గితే ఆ ఒత్తిడి పోతుంది, మట్టిలోపలి నీరు మాత్రం అంత త్వరగా బయటికి రాదు. 1981లో కాలిఫోర్నియాలోని శాన్ లూయిస్ ఆనకట్ట ఎగువ వాలులో ఒక భాగం ఇలా భారీగా నీరు దించిన తర్వాతే జారింది. ఇటలీలోని వయోంట్‌లో 1963 అక్టోబరు 9న జలాశయంలోకి కొండచరియ విరిగిపడి, ఎగిసిన నీరు ఆనకట్ట దాటి దిగువ ఊళ్ల మీద పడి దాదాపు రెండు వేల మంది చనిపోయినప్పుడు కూడా, అప్పటికే కదులుతున్న కొండను నిలబెట్టేందుకు మట్టాన్ని దించుతూ ఉన్నారు.

దిగువన నదిలో ఉన్నవారికి ఇదే వేగం మరో రకంగా ప్రాణాంతకం. నిల్వ సామర్థ్యం తక్కువగా ఉండే చిన్న జలవిద్యుత్ ఆనకట్టల్లో మట్టం చూస్తుండగానే పెరుగుతుంది, గేట్లు వెంటనే ఎత్తాల్సి వస్తుంది, నదిలో నీరు నిమిషాల్లో ఉబుకుతుంది. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది రాళ్ల మీద ఉన్న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయింది ఎగువనున్న లార్జీ ఆనకట్ట నుంచి వదిలిన నీటిలోనే. సైరన్లు, విడతలవారీ విడుదల, దిగువ గ్రామాలకు ముందస్తు సమాచారం అన్నవి గేటు తిప్పడంతో సమానమైన విధులు.

ఒకే నది మీద వరుసగా జలాశయాలున్నచోట ఒకదాని విడుదల మరొకదాని ఇన్‌ఫ్లో అవుతుంది. శ్రీశైలంలో తగ్గిన మట్టం నాగార్జునసాగర్‌లో 590 అడుగుల వైపు పెరుగుదలగా కనిపిస్తుంది. రెండు లోయల ఆకారాలు వేరు గనుక అడుగులు మాత్రం సరిసమానంగా ఉండవు. శ్రీశైలం ఎడమగట్టు విద్యుత్కేంద్రంలోని 150 మెగావాట్ల యూనిట్లు ఆరింటినీ అవసరమైతే వెనక్కి తిప్పి, దిగువ నీటిని తిరిగి పైకి తోడేలా అమర్చారు కాబట్టి, అక్కడ విడుదల రెండు దిశల్లోనూ జరగవచ్చు. అమెరికాలో కొలరాడో నది మీద 2022లో ఈ బంధం కఠినంగా బయటపడింది. పై జలాశయమైన లేక్ పావెల్ విద్యుదుత్పత్తి ఆగిపోయే మట్టానికి చేరువవుతుంటే, ఆ ఏడాది దిగువకు వదలాల్సిన 74.8 లక్షల ఎకరపుటడుగులను (ఎకరం మీద అడుగు లోతున నిలిచే నీరు ఒక ఎకరపుటడుగు) 70 లక్షలకు తగ్గించారు. ఆపిన 4.8 లక్షల ఎకరపుటడుగులు దాదాపు 21 టీఎంసీలు. పావెల్‌కు దక్కిన ఆ నీరు దిగువనున్న లేక్ మీడ్‌కు అందలేదు. ఆ వేసవిలోనే మీడ్ మట్టం 1930లలో తొలిసారి నింపినప్పటి నుంచి ఎన్నడూ లేనంతగా దిగజారింది. ఒక జలాశయాన్ని కాపాడే విడుదల నిర్ణయానికి మూల్యం ఇంకొక జలాశయం చెల్లించింది.

మట్టం తగ్గేకొద్దీ టర్బైన్ల మీద పడే నీటి ఎత్తు తగ్గుతుంది, అదే విద్యుత్తు పుట్టించడానికి ఇంకా ఎక్కువ నీరు వదలాలి, ఆ విడుదల మట్టాన్ని మరింత త్వరగా దించుతుంది. జాంబియా, జింబాబ్వేల మధ్య ఉన్న కరీబా జలాశయంలో 2022 నవంబరు నాటికి వాడుకోదగ్గ నిల్వ ఐదు శాతం లోపుకు పడిపోవడంతో, కేటాయింపును మించి నీరు వాడేసిన జింబాబ్వే వైపు ఉత్పత్తిని ఆపమని నది నిర్వహణ సంస్థ చెప్పాల్సి వచ్చింది. ఏ జలాశయంలోనైనా ఆవిరి నష్టం కూడా చిన్నది కాదు. 600 చదరపు కిలోమీటర్ల జలాశయం మీద రోజుకు ఆరు మిల్లీమీటర్ల నీరు ఆవిరైతే, అది దాదాపు 1,470 క్యూసెక్కుల విడుదలకు సమానం. గేట్లన్నీ మూసి ఉన్నా మండువేసవిలో మట్టం రోజూ కొంత దిగడం ఈ కారణంగానే.

ఇక ఈ లెక్కలన్నింటికీ మూలమైన పట్టిక కూడా శాశ్వతం కాదు. వరదతో పాటు వచ్చే మట్టి, ఇసుక అడుగున పేరుకుంటూ ఒక్కో మట్టంలో పట్టే నీటిని తగ్గిస్తాయి. శ్రీశైలంలో కట్టినప్పుడు దాదాపు 308 టీఎంసీలున్న సామర్థ్యం ఇప్పుడు 215.8, పూర్తిమట్టం మాత్రం అదే 885 అడుగులు. 408 టీఎంసీల నాగార్జునసాగర్ 312కు, 133 టీఎంసీల తుంగభద్ర 105.8కి వచ్చాయి. పూడిక పెరిగిన జలాశయంలో అడుగుకు పట్టే నీరు తగ్గినందువల్ల, అదే వరద మట్టాన్ని మునుపటికంటే త్వరగా పెంచుతుంది, అదే విడుదల త్వరగా తగ్గిస్తుంది. పాత పట్టికతో లెక్క కడితే ఖాళీ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది, గేట్లు ఎత్తాల్సిన సమయం ఆలస్యంగా తోస్తుంది. అందుకే కొన్నేళ్లకోసారి పడవల మీద నుంచి ధ్వని తరంగాలతో అడుగును కొలిచి పట్టికను సరిచేయడం జలాశయ నిర్వహణలో భాగం. తుంగభద్రలో 2008 కొలత ప్రకారం సుమారు 100.9 టీఎంసీలుగా వాడుతూ వచ్చిన సామర్థ్యాన్ని తర్వాతి సర్వే 105.8గా తేల్చింది. ఆ రోజు నుంచి అక్కడ 1,633 అడుగుల మట్టం కింద లెక్కలో దాదాపు ఐదు టీఎంసీల నీరు ఎక్కువ ఉన్నట్లయింది, రాష్ట్రాల మధ్య పంపకాల లెక్క కూడా దాన్నిబట్టే మారింది.